కొత్త పీరియడా, ఉన్న పాఠమా, చెరువు కట్టా: బడికి సిస్టమ్స్ థింకింగ్ ఏ దారిన రావాలి?

2025 వానకాలం. ఎరువులమ్మే సహకార సొసైటీల ముందు తెల్లారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు లైన్లో పెట్టి జనం యూరియా కోసం కూర్చున్న రోజులు. మా ఎనిమిదో తరగతిలో ఒకరిద్దరు పిల్లలు అమ్మకు బదులు లైన్లో నిలబడి, పదకొండింటికి బడికి వచ్చేవారు. హాజరు వేయాలా వద్దా అని నేను కిందామీదా పడుతున్నప్పుడే ఒక ఆట గుర్తుకొచ్చింది.

నలుగురు పిల్లలు వరుసగా కూర్చుంటారు. మొదటి పిల్ల ఊళ్లో ఎరువుల షాపు. రెండోవాడు మండల సొసైటీ. మూడో పిల్ల జిల్లా గోదాము. చివరివాడు ఫ్యాక్టరీ. ఒక్కో చింతగింజ పది బస్తాల కింద లెక్క. ఒక్కొక్కరి ముందు పన్నెండు గింజలు. రైతులు వారానికి ఎంత అడిగారో రాసిన చీటీల కట్ట నా చేతిలో ఉంటుంది. వారానికొకటి తీసి షాపు పిల్లకు మాత్రమే చూపిస్తాను. ఆమె తన గింజల్లోంచి ఇచ్చి, ఇంకెన్ని కావాలో చీటీ రాసి సొసైటీకి పంపుతుంది. సొసైటీ గోదాముకు రాస్తుంది, గోదాము ఫ్యాక్టరీకి రాస్తుంది. చీటీ చేరడానికి కొంత ఆలస్యం, సరుకు రావడానికి ఇంకో రెండు వారాలు. ఇవ్వలేకపోతే బాకీ రాసుకోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

ఎనిమిదో వారానికి షాపు పిల్ల ముందు ఒక్క గింజ లేదు. మొదట 8 రాసింది, తర్వాత 12, తర్వాత కోపమొచ్చి 20. సొసైటీ వాడు నిబంధన మరిచి "మాకే రాలే, నీకేడికెల్లి ఇయ్యాలె" అని అరిచి, తను పైకి 30 రాశాడు. ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి చీటీ మీద 45 ఉంది. వాడు బిత్తరపోయి డబ్బాలో ఉన్న గింజలన్నీ ముందుకు తోశాడు. పదహారో వారానికి కథ తిరగబడింది. గోదాము పిల్ల ముందు గింజల కుప్ప, అడిగేవాడు లేడు. "రైతులే పిచ్చిలేసినట్టు అడిగిన్రు మేడం" అని నలుగురూ ఒకే మాట. అప్పుడు చీటీల కట్ట తిప్పి బల్ల మీద పరిచాను. మొదటి నాలుగు వారాలు 4, ఐదో వారం నుంచి చివరిదాకా 8. రైతుల అవసరం మారింది ఒక్కసారే. క్లాసులో కాసేపు చప్పుడు లేదు. తర్వాత గోదాము పిల్ల అడిగింది: "మరి తప్పు ఎవ్వలు చేసిన్రు?"

ఎవరూ చేయలేదు. ప్రతి ఒక్కరూ తమ ముందున్న గింజలు చూసుకుని, తమకు తోచిన జాగ్రత్తే పడ్డారు. నిజంగా ఆ ఏడాది యూరియా కొరతకు దిగుమతులు తగ్గడంతో సహా వేరే కారణాలున్నాయి, అవి ఈ ఆటలో లేవు. ఆట చూపించేది ఒక్క ముక్కే: దొరకదేమో అన్న భయం ఒకరి నుంచి ఒకరికి పాకుతూ కొరతను ఎంత లావు చేస్తుందో.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ దగ్గర పుట్టింది. ఆయన కట్టిన శాస్త్రం పేరు సిస్టమ్ డైనమిక్స్. అసలు ఆటలో సరుకు బీరు. మా బడిలో ఆ మాట ఎత్తితే మర్నాడు బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగ్ నా మీదే జరుగుతుంది కాబట్టి యూరియా చేశాను. రెండు పీరియడ్లు పట్టింది. రెండోది లెక్కల సారు దగ్గర అప్పు తెచ్చుకున్నది.

ఆ నెల, చుట్టుపక్కల బళ్ల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఈ సంగతి చెబితే, కొత్తగా వచ్చిన కుర్ర సోషల్ సారు ఒకాయన వెంటనే అన్నాడు: "ఇట్లాంటివి అప్పుడొకటి ఇప్పుడొకటి కాదు మేడం, వారానికి రెండు పీరియడ్లతో వేరే సబ్జెక్టు పెట్టాలి." పక్కనున్న సీనియర్ మేడం "ఉన్నవే నడవట్లేదు, ఉన్న పాఠాల్లోనే చెప్పుకోవచ్చు కదా" అంది. ఇంకో సారు, పాకాల ఆయకట్టు వైపు పనిచేసేవాడు, "రెండూ వద్దు, పిల్లలను చెరువు కట్ట మీదికి తీసుకపోండ్రి" అన్నాడు. టీ వచ్చేసరికి మాట ఆగిపోయింది. ఆ మూడు దారులూ అప్పటినుంచీ నా తలలో తిరుగుతున్నాయి. మూడింటినీ ఎంతో కొంత చేసి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు, సిస్టమ్స్ థింకింగ్ అంటే మా పిల్లల భాషలో ఏమిటో చెప్పాలి. "వ్యవస్థాగత ఆలోచన" అని బోర్డు మీద రాస్తే పని నడవదు. వాళ్లకు వ్యవస్థ అంటే జీర్ణ వ్యవస్థ, నాడీ వ్యవస్థ. అంటే బొమ్మ గీసి భాగాలు గుర్తించేది. ఇక్కడ కావాల్సింది భాగాల పేర్లు కావు. ఒకటి పెరిగితే రెండోది ఏమవుతుంది, అది ఎంత ఆలస్యంగా అవుతుంది, చివరికి తిరిగొచ్చి మొదటిదాన్నే తాకుతుందా అన్నవి కావాలి. మా వాళ్లు దీనికి "సుట్టు" అని పేరు పెట్టుకున్నారు. "మేడం, ఇది సుట్టు తిరిగి మల్ల ఆడికే వచ్చింది" అని ఒక పిల్ల అన్న మాటే పేరైపోయింది.

ఇది చదువుకున్నవాళ్లకు తేలిక, మా పిల్లలకు కష్టం అనుకుంటే పొరపాటు. 2000లో జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ అనే ఇద్దరు పరిశోధకులు ఎంఐటీ బిజినెస్ స్కూలు విద్యార్థులకు ఒక తొట్టి లెక్క ఇచ్చారు. తొట్టిలోకి నీళ్లు వచ్చే వేగం, బయటికి పోయే వేగం గ్రాఫులో ఇచ్చి, తొట్టిలో నీళ్లు ఎట్లా పెరుగుతాయో తగ్గుతాయో గీయమన్నారు. పెద్ద చదువుల వాళ్లలోనూ చాలామంది తప్పు గీశారు. నేను అదే పనిని అడుగున బొక్క పెట్టిన బకెట్‌తో, ఒక మగ్గుతో చేయించాను. "నేను పోసేది తగ్గించినా బకెట్లో నీళ్లు పెరుగుతనే ఉన్నయి, ఎందుకంటే బొక్కలకెల్లి పోయేది ఇంకా తక్కువుంది" అని చెప్పిన పిల్లవాడు లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులవాడే. ఇంట్లో బోరు కింద గోలెం నింపేది వాడే.

ఇక మొదటి దారి, వేరే సబ్జెక్టు. దీనికి చరిత్ర ఉంది. ఎంఐటీలో ఇంజనీరింగ్ డీన్‌గా చేసి రిటైరైన గోర్డన్ బ్రౌన్, ఒకప్పుడు ఫారెస్టర్‌కు గురువులాంటివాడు, 1980ల చివర్లో అరిజోనాలోని ట్యూసన్‌లో ఒక మిడిల్ స్కూల్‌కు ఈ ఆలోచనను పట్టుకుపోయాడు. కంప్యూటర్లు వచ్చాయి, స్టెల్లా అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, పిల్లలు జంతువుల సంఖ్య ఎట్లా పెరుగుతుందో తెర మీద నమూనాలు కట్టారు. 1991లో ఇట్లాంటి టీచర్ల కోసం మసాచుసెట్స్‌లో క్రియేటివ్ లెర్నింగ్ ఎక్స్చేంజ్ అనే సంస్థ కూడా మొదలైంది. అయితే అక్కడ కూడా దాన్ని ప్రత్యేక సబ్జెక్టుగా కంటే ఎక్కువగా ఉన్న పాఠాల్లోకే చొప్పించారు. ఈ మాట మా కుర్ర సారుకు చెబితే "అక్కడ టీచర్లకు టైం ఉంటది మేడం" అన్నాడు. నిజమే, కానీ ఆ లెక్కన వేరే సబ్జెక్టుకు మనకు ఇంకా తక్కువ టైం ఉంటుంది.

వేరే సబ్జెక్టు పెడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు అన్ని స్థాయిల్లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. మంచి తీర్పు. మాకు పుస్తకమూ వచ్చింది, టైంటేబుల్‌లో గడీ వచ్చింది. నేను చూసిన బళ్లలో ఆ గడిలో నడిచింది మాత్రం లెక్కలు, లేదంటే ఇంగ్లిష్. ఫిబ్రవరి వచ్చేసరికి పదో తరగతికి ఆ పీరియడ్ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. లెక్కల సారును తప్పు పట్టను. ఆయన మీద రిజల్ట్ టెన్షన్ ఉంది, ఆ గడి మీద ఎవరి టెన్షనూ లేదు. విలువల విద్య, కంప్యూటర్, గ్రంథాలయం అన్నిటిదీ ఇదే గతి. రోజుకు ఎనిమిది పీరియడ్లలో మార్కుల్లేని పీరియడ్ ఊరి చివర పోరంబోకు భూమిలాంటిది. ముందు ఎవరికి అవసరమైతే వాళ్లు దున్నుకుంటారు.

అయినా ఈ దారికి ఒక బలం ఉంది, దాన్ని తీసిపారేయలేను. ఆటలకు వరుసగా రెండు పీరియడ్లు కావాలి. సుట్లు గీయడం, ఆలస్యాలు గుర్తించడం, బకెట్ లెక్క, అన్నీ ఒక క్రమంలో నేర్పితేనే పట్టుబడతాయి. "ఇది నా పని" అనుకునే ఒక టీచర్ ఉండాలి. గురుకులాల్లో ఇది కుదురుతుంది. అక్కడ పిల్లలు సాయంత్రం కూడా అక్కడే ఉంటారు, స్టడీ అవర్స్ ఉంటాయి, శనివారం మధ్యాహ్నం ఖాళీ దొరుకుతుంది. గురుకులంలో పనిచేసే టీచర్ నన్నడిగితే వేరే గంట పెట్టుకోమనే చెబుతాను. జిల్లా పరిషత్ బడికి మాత్రం వద్దంటాను.

కంప్యూటర్ నమూనాల సంగతి రెండు ముక్కల్లో: మా దగ్గర కంప్యూటర్లు పదకొండు, వెలిగేవి నాలుగు, యూపీఎస్ బ్యాటరీలు పోయి మూడేళ్లు. వాటి మీద ఆధారపడే ఏ పద్ధతైనా ఆగస్టులో మొదలై సెప్టెంబర్‌లో ఆగిపోతుంది. పైగా తెర మీద గీత పైకి పోతుంటే పిల్లలు గీతను చూస్తారు, అది ఎందుకు పోతుందో చూడరు. చింతగింజలకు ఆ గొడవ లేదు.

రెండో దారి, ఉన్న పాఠంలో కలపడం. నేను ఎక్కువగా చేసేది ఇదే. తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో పంటలు, నేల కాలుష్యం పాఠాలున్నాయి. పదో తరగతిలో సహజ వనరుల పాఠంలో రెండు ఊళ్ల బావులు, బోర్ల పోలికే ఉంది. మా విద్యా ప్రమాణాల్లో ప్రశ్నించడం, క్షేత్ర పరిశీలన, బొమ్మలు గీయడం వేరువేరుగా రాసే ఉన్నాయి. కొత్త అనుమతి ఎవరినీ అడగక్కర్లేదు.

పత్తి పాఠం ఎట్లా నడిచిందో చెబుతాను. బోర్డు మీద "పురుగు" అని రాశాను. "పురుగు పెరిగితే?" "మందు కొడతరు." బాణం. "మందు కొడితే?" "పురుగు తగ్గుతది." ఇంకో బాణం. మామూలుగా మేం ఇక్కడితో ఆపేస్తాం. "ఇంకేం తగ్గుతుంది?" అని అడిగాను. చాలాసేపటికి వెనక బెంచీ నుంచి ఒకడు, "సాలీళ్లు మేడం." ఇంకొకడు, "అక్షింతల పురుగు." మిత్ర పురుగులు తగ్గితే? పదిహేను రోజుల తర్వాత పురుగు మళ్లీ లేస్తుంది, ఈసారి దాన్ని తినేవాళ్లు లేరు. మళ్లీ మందు. "సుట్టు దొరికింది" అని అరిచారు. నేను అక్కడితో ఆపాలనుకున్నాను. కానీ ఒక పిల్ల లేచి "మేడం, మందుకు పైసలు?" అంది. ఉద్దెర. ఉద్దెర ఇచ్చేది మందులమ్మే షాపే. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆ షాపే. పంట తూకమయ్యేదీ చాలాసార్లు అక్కడే. మొదటి సుట్టు చుట్టూ రెండో పెద్ద సుట్టు వచ్చి కూర్చుంది. అది జీవశాస్త్రం పాఠంలో లేదు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు నాన్న వెంట పోయిన పిల్లలకు మాత్రం తెలుసు.

ఈ వరంగల్ జిల్లాలో 1997-98లో లద్దె పురుగు పత్తిని ఊడ్చేసి, మందులు పనిచేయక, అప్పుల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, కొన్నాళ్లు మందు తగ్గింది, తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. ఈ కథను తేదీల వారీగా చెబితే పిల్లలు నోట్స్ రాసుకుంటారు. సుట్టుగా గీస్తే "ఈసారి ఎక్కడ కొయ్యాలె?" అని అడుగుతారు. జనగామ జిల్లాలోని ఏనెబావి ఊరు పురుగుమందులు, రసాయన ఎరువులు మానేసింది. సుట్టులో మందు బాణాన్నే తీసేసిన ఊరన్నమాట. మా తరగతిలో దీని మీద రెండు వాదాలు నడిచాయి. "అందరూ మానేస్తేనే కుదురుతది, ఒక్కడు మానేస్తే పక్క చేను పురుగు వానికే వస్తది" అన్నవాడి వాదమే నాకు గట్టిగా అనిపించింది. వాడే మర్నాడు కోతుల సుట్టు గీసుకొచ్చాడు: అడవిలో పండ్ల చెట్లు పోయాయి, కోతులు ఊళ్లోకి వచ్చాయి, కూరగాయలు, పల్లికాయ వేసేవాళ్లు మానేశారు, ఇంకా వేస్తున్న ఒకరిద్దరి మీదే కోతులన్నీ పడ్డాయి, వాళ్లూ మానేశారు. పాఠం నేను చెప్పకుండానే వాడికి వచ్చింది.

మరి ఈ దారిలో లోటేమిటి? పరీక్ష. "పురుగుమందుల వాడకం వల్ల కలిగే నష్టాలు ఏవైనా నాలుగు రాయండి." నాలుగు పాయింట్లు, నాలుగు మార్కులు. నాలుగు నష్టాలు ఒకదానికొకటి ఎట్లా పుట్టాయో రాసిన పిల్లకూ నాలుగే, విడివిడిగా బట్టీ పట్టిన పిల్లకూ నాలుగే. ఒక్కోసారి మొదటి పిల్లకు మూడే, ఎందుకంటే దిద్దేవారికి వాక్యాల్లో పాయింట్లు వెతుక్కునే ఓపిక ఉండదు. మా కుర్ర సారు అన్న మాట ఇక్కడ నిజం: పాఠంలో కలిపింది ఉప్పులా కరిగిపోతుంది, ఎవరు వేశారో ఎవరు వేయలేదో పైనుంచి చూసేవాళ్లకు తెలియదు. నేను బదిలీ అయిపోతే ఆ బడిలో సుట్లు కూడా పోతాయి.

ఇక చెరువు. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలనుంది.

వరంగల్ ప్రాంతంలో పుట్టిన పిల్లలకు సిస్టమ్ అంటే ఏమిటో చూపించడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. కాకతీయుల కాలంలో గణపతిదేవుడి ఏలుబడిలో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు కట్టారు. వాటితోపాటు ఊరూరా గొలుసుకట్టు చెరువులు వచ్చాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. అది నిండితే దాని కిందిదానికి. తూము తెరవడానికి నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని జాముల నీళ్లో లెక్క ఉండేది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసి, ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. చెరువుకు అడ్డమైన పూడిక చేనుకు బలం. ఒకచోట చెత్త ఇంకోచోట ఎరువు అవుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తొమ్మిదో తరగతిని సెప్టెంబర్ నుంచి జనవరి దాకా వారానికోసారి మా ఊరి చెరువుకు తీసుకెళ్లాను. పని చాలా చిన్నది. తూము దగ్గర పాతిన వెదురు కర్ర మీద బెత్తెడు బెత్తెడుకు గీతలు. నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో పిల్లలు నోట్‌బుక్‌లో రాయాలి. ఆ వారం వాన పడిందా, తూము తెరిచారా, చేపల వాళ్లు వల వేశారా అన్నది పక్కన రాయాలి. ఆయకట్టులో ఒకరి బోరు ఎంతసేపు పోస్తుందో కూడా. జనవరికి వాళ్లకు అర్థమైంది: చెరువులో నీళ్లు తగ్గినప్పుడు బోరు వెంటనే తగ్గదు, కొన్ని వారాలకు తగ్గుతుంది. ఆ ఆలస్యం చూడటానికి ఐదు నెలలు పట్టింది. ఏ ఆటలోనూ, ఏ పాఠంలోనూ ఆ ఆలస్యం పిల్లల ఒంటికి ఎక్కదు. "మరి బోరు తగ్గినంక చెరువు నింపితే వెంటనే రాదు కదా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంట్ వచ్చాక, ఆటో స్టార్టర్లతో మోటార్లు రాత్రంతా నడుస్తుంటే బోర్లు ఎందుకు దిగిపోతాయని ఎందరో పెద్దవాళ్లు మాట్లాడారు. ఈ పిల్ల ఆ ప్రశ్నకు వేరే తలుపు నుంచి వచ్చింది.

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరిని వాగు ముంచింది. చాలా చోట్ల చెరువులకు గండ్లు పడ్డాయి. ఆ మాట వచ్చినప్పుడు చెరువు కట్ట మీదే పిల్లలను అడిగాను: పై చెరువు తెగితే మనదేమవుతుంది? గొలుసుకట్టు నీళ్లను ఎట్లా పంచుతుందో, ప్రమాదాన్ని కూడా అట్లాగే కిందికి పంచుతుంది. మత్తడి దగ్గర చెట్లు మొలిచి ఉన్నాయని ఆ రోజే వాళ్లు గమనించారు. మాకంటే ముందు గ్రామ పంచాయతీకి చెప్పింది వాళ్లే.

చెరువు దారిలో ఇబ్బంది కూడా అంతే పెద్దది. జనవరిలో పిల్లలు చార్టు గీశారు. చెరువు ఎందుకు తొందరగా నిండుతోంది, ఎందుకు తొందరగా ఖాళీ అవుతోంది అన్నదానికి బాణాలు వేసుకుంటూ పోతే ఒక బాణం "శిఖం కబ్జా" దగ్గరికి చేరింది. చెరువు గర్భంలోని శిఖం భూమి పూడ్చి కొంత మడి చేశారు. చెరువు లోతు తగ్గింది. చిన్నవానకే మత్తడి దుంకుతుంది, ఎండకు ముందే ఎండుతుంది. పిల్లలు చాలా శ్రద్ధగా గీశారు. ఆ మడి ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్ల పిల్లవాడు రెండో బెంచీలో కూర్చుంటాడు. ఆ రోజు వాడు చార్టు వైపు చూడకుండా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాతి వారం కమిటీ మీటింగ్ ముందు, ఆ చార్టును గోడకు తిప్పి పెట్టమని నాకు చెప్పారు. తిప్పి పెట్టాను. దాని గురించి ఇప్పటికీ నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది, కానీ ఆ పిల్లవాడి ముఖం గుర్తొస్తే తిప్పింది తప్పేనా అని కూడా అనుకుంటాను. సిస్టమ్ చూడటం నేర్పేటప్పుడు "మనిషిది తప్పు కాదు, సుట్టుది" అంటాం. ఊళ్లో మాత్రం సుట్టులో ఒక చోట మనిషి పేరుంటుంది.

తర్వాత ఒక ఉపాయం చేశాను. సొంత చెరువు లెక్క నోట్‌బుక్‌లోనే ఉంచి, చార్టు మాత్రం పక్క మండలం చెరువు మీద గీయించాను. పిరికితనమే కావచ్చు. పాఠం మాత్రం నడిచింది.

చెరువు దారికి మనదేశంలోనే ఒక పెద్ద తోబుట్టువు ఉంది: 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 16 బళ్లలో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం. పిల్లలు బయటికి పోయి చూసి, చేసి నేర్చుకునేవారు. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ముప్ఫై ఏళ్లు నిలిచింది. అన్ని రోజులు నిలవడానికి కారణం పొలం వెంట తిప్పడం ఒక్కటే కాదని నా అభిప్రాయం. వాళ్లు పరీక్షను కూడా మార్చారు: పుస్తకం చూసి రాయొచ్చు, చేసి చూపించే పరీక్షా ఉండేది. టీచర్లు నెలనెలా కూర్చుని తమ కష్టాలు మాట్లాడుకునేవారు. మన దగ్గర ఫీల్డ్ ట్రిప్ ఉంటుంది, ఆ రెండూ ఉండవు.

నగరంలో ఉన్నవాళ్లు చెరువు ఎక్కడ తెచ్చేదంటారు. వరంగల్, హన్మకొండ వాళ్లకు నాలా ఉంది. 2020 ఆగస్టులో కాలనీల్లోకి నీళ్లు ఎందుకొచ్చాయో గీయడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు, నయీంనగర్ నాలా ఒడ్డున అరగంట నిలబడితే చాలు. కబ్జా బాణం అక్కడా వస్తుంది, పేర్లు ఇంకా పెద్దవి.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, నా బడికి ఏది మేలు? ప్రాణం చెరువు దారిలోనే ఉంది. అయితే దానికి కావాల్సిన ఓపిక, ధైర్యం, హెచ్‌ఎం అండ ప్రతి బడిలో దొరకవు. దొరికే చోట తొమ్మిదో తరగతిలో ఒక్కటి చాలు, పదిలో వద్దు, పదిలో ఎవరూ బయటికి పంపరు. ఎఫ్‌ఏలో, అంటే ఏడాదిలో నాలుగుసార్లు బడిలోనే వేసే మార్కుల్లో, ప్రాజెక్టు పని ఎట్లాగూ ఉంది. ఏడాదికి నాలుగు ప్రాజెక్టులు జిరాక్స్ షాపులో అమ్మే నోట్స్ చూసి రాయించే బదులు, నాలుగు ఎఫ్‌ఏల్లోనూ ఒకే చెరువు నోట్‌బుక్‌కు మార్కులు వేసుకోవచ్చు. నాకు తెలిసినంతలో దీనికి నిబంధన ఏదీ అడ్డం రాదు.

రోజువారీ నడకకు ఉన్న పాఠంలో కలపడమే. ఎనిమిదిలో ఒక్కసారి యూరియా ఆట, తొమ్మిదిలో పత్తి సుట్టు, పదిలో బోర్లు. మా కుర్ర సారు భయపడ్డట్టు అది కరిగిపోకుండా ఉండాలంటే పరీక్షలో ఒక్క ప్రశ్న రావాలి. జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు పెట్టే ఎస్‌ఏ (పెద్ద పరీక్ష) పేపర్‌లో ఒకే ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న: "కింది సంఘటనలను బాణాలతో కలపండి. తిరిగి మొదటికి వచ్చే దారి ఉంటే చూపండి. ఎక్కడ ఆపితే మంచిదో ఒక కారణంతో రాయండి." బాణాలకు రెండు, తిరిగే దారికి ఒకటి, కారణానికి ఒకటి. కీ తయారు చేయడం కష్టమేమీ కాదు. ఒక ఎస్‌ఏలో ఆ ప్రశ్న వస్తే చాలు, తర్వాతి ఏడాది గైడ్లలో సుట్లు వస్తాయి. గైడ్లలో వస్తే బట్టీ పడతారు కదా అని సీనియర్ మేడం అంది. పడతారు. బట్టీ పట్టిన సుట్టునైనా కనీసం వేలితో తిప్పి చూస్తారు, నాలుగు పాయింట్ల విషయంలో అది కూడా లేదు.

వేరే సబ్జెక్టు అడిగిన కుర్ర సారుకు నేను ఇంకా పూర్తిగా జవాబు చెప్పలేదు. ఆయన వాళ్ల బడిలో శనివారం చివరి పీరియడ్‌లో ఆడిస్తానంటున్నాడు. మా చింతగింజల డబ్బా ఆయనకు ఇచ్చాను, చీటీల కట్ట కూడా. లెక్కల సారుకు మాత్రం నేను ఇంకో పీరియడ్ బాకీ ఉన్నాను. వారానికోసారి గుర్తుచేస్తున్నాడు.